ఇరవై రెండు చుట్లు

మా మామ మొగులయ్యకు ఊరికే వచ్చిన వస్తువు మీద నమ్మకం లేదు. ఒకనాడు పాలవాడు కొసరుగా ఒక గ్లాసు ఎక్కువ పోస్తే, "ఇయ్యాల ఎందుకు నవ్వుతున్నవ్?" అని అడిగి, ఆ పాలు పొయ్యి మీద పొంగేదాకా పక్కనే నిలబడి చూసిన మనిషి. అట్లాంటి మనిషి ఇంటికి పోయిన కార్తీకంలో వైకుంఠం సేటు స్వయంగా వచ్చి ఒక కవరు చేతికి ఇయ్యబోయారు.

సేటుది పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా కింది గల్లీ. తాతల కాలం నుంచి స్టీలు, ఇత్తడి గిన్నెల టోకు దుకాణం. గిన్నెల కంపెనీ ఆ ఏడు ఆయనకు ఒక బహుమానం ఇచ్చిందట. కుటుంబమంతా ఊరి బయటి ఆటల పార్కులో రెండు రాత్రులు ఉండొచ్చు. మూడోనాడు నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి కృష్ణ మీద శ్రీశైలం దాకా పోవచ్చు.

"మా ఆమెకు మోకాళ్లు వంగుతలేవు. పిల్లలకు పురసత్ లేదు. తారీకు దాటితే కాగితం దండగ. మీరు పోయి రాండ్రి మొగులయ్యా" అన్నారు సేటు.

మామ చెయ్యి చాపలేదు. నేనే అందుకున్నాను. సేటు పోయినంక ఆయన కవరును వెలుతురుకు పట్టి చూశారు, వేలితో గీకి చూశారు, చివరకు నాతో చదివించుకున్నారు.

"తారీకులు చూసినవా భాగ్యా? శుక్రవారం పోవుడు, సోమవారం రాత్రి వచ్చుడు. శుక్రవారం నీళ్లు. ఆదివారం నీళ్లు. రెండు నీళ్లకు నన్ను లేకుంట చేస్తున్నడు."

మామ నీళ్ల డిపార్ట్‌మెంటులో లైన్‌మన్. ముప్పై ఒక్క ఏండ్ల సంది మా గల్లీల కూడలిలో ఇనుప మూత లేపి, వాల్వు తిప్పే గజమంత పొడుగు చావీ లోపలికి దించి, నల్లాలకు నీళ్లు వదిలేది ఆయనే. దినం విడిచి దినం, మధ్యాహ్నం జొహర్ అజాన్ అయిపోగానే. చేతికి గడియారం పెట్టరు. మసీదు మైకు గరగరమనగానే తింటున్న అన్నం ముద్ద అయినా ఆపి లేస్తారు.

మూత కింద రెండు వాల్వులు ఉంటాయి. ఎడమది కింది గల్లీకి, అంటే సేటు వాళ్ల గల్లీకి. కుడిది మిట్ట గల్లీకి. కింది గల్లీకి నీళ్లు తమంతట తామే ఉరుకుతాయి, ఆరు చుట్లు తిప్పితే చాలు. మిట్ట గల్లీకి ఎక్కాలంటే వాల్వు పూర్తిగా, ఇరవై రెండు చుట్లు తిప్పాలి. అది కూడా అరగంట ముందే ఒక్కదానికే వదలాలి. రెండూ ఒక్కసారి తెరిస్తే నీళ్లన్నీ కిందికే పోతాయి. ఈ లెక్క ఏ కాగితం మీదా లేదు. డిపార్ట్‌మెంటు నక్షలో లైను ఒక తీరు ఉంటుంది, భూమిలో ఒక తీరు ఉంటుంది. అసలు సంగతి మా మామ అరచేతిలో కాయలు కాసి ఉంది.

మిట్ట గల్లీలో ఆఖరి ఇల్లు రాజమణిది. బల్దియాలో వీధులూడ్చే సఫాయి పని చేస్తుంది. తల్లి రెండేండ్లుగా మంచంలోనే. రోజుకు నాలుగు దుప్పట్లు ఉతకాలి. నీళ్లు బంద్ చేసినంక మామ ఆ మిట్ట ఎక్కిపోయి, "వచ్చినయా రాజమణీ?" అని అడిగి గానీ ఇంటికి రారు. అది డ్యూటీ కాదు. ఎవరూ చెయ్యమనలేదు.

పదేండ్ల కింద సేటు ఇంట్లో పెండ్లయితే, ఒక్క అరగంట ఎక్కువ వదలమని అడిగారట. మామ కాదన్నారు. సేటు ట్యాంకరు తెప్పించుకున్నారు. ఆ సంగతి సేటుకు గుర్తుందో లేదో నాకు తెలియదు. మామకు మాత్రం నిన్న జరిగినట్లే ఉంది.

పోనని మూడు రోజులు పట్టుబట్టారు. మా అత్త రుక్మిణమ్మ గట్టిగా ఏమీ అనలేదు. గిన్నెలు తోముకుంటూ, "నలభై ఏండ్ల కాపురంల జూపార్కు దాటించలేదు. శివుడు పిలిస్తే గూడ నల్లా అడ్డం వచ్చె" అన్నది. నా ఏడేండ్ల బిడ్డ రశ్మి తాత మెడ పట్టుకొని వేలాడింది. నాది అచ్చంపేట దిక్కు ఊరు. మల్లన్న కొండలను దూరం నుంచి చూసి పెరిగినదాన్ని, కార్తీకంలో ఆయన పిలుస్తున్నాడని నా మనసులో కూడా ఉంది. నా భర్త ప్రేమ్‌రాజ్ సెలవు పెట్టేశాడు. మామ ఒప్పుకున్నారు.

మామ బదులు నీళ్లు వదలడానికి శ్రవణ్‌కుమార్ అనే పిలగాడిని పెట్టారు. ఇరవై ఐదేండ్లుంటాయి. వేరే డివిజన్ నుంచి మా సెక్షన్‌కు వచ్చి మూడు నెలలే. గురువారం సాయంత్రం మామ అతన్ని కూడలికి తీసుకపోయారు. నేను ఇద్దరికీ చాయ్ పట్టుకొని పోయాను.

మూత లేపి మామ చెప్పారు. "చూడు, ఎడమది మిట్ట గల్లీ. దాన్ని ముందుగల్ల ఇరవై రెండు చుట్లు తిప్పు. అరగంట అయినంక కుడిది తిప్పు, ఆరు చుట్లు. అది కింది గల్లీ."

ఈ ఇంటికి వచ్చి తొమ్మిదేండ్లు. ఆయన తిరగేసి చెబుతున్నారని నాకు తెలిసింది.

"ఎవరు లొల్లి పెట్టినా వినకు. మిట్ట గల్లోళ్లు నీళ్లు రాలేదంటరు, వినకు. సేటు చాయ్ తాగిపిస్తడు, వినకు. రేపు నేనే ఫోన్ చేసి మార్చు అన్నా మార్చొద్దు. నా పక్కన ఎవరుండి చెప్పిస్తున్నరో నీకేం ఎరుక?"

"సరే కాకా" అన్నాడు శ్రవణ్. చాయ్ తాగి, నా చేతిలోని ఖాళీ గ్లాసులు తీసుకొని నల్లా కింద కడిగి ఇచ్చాడు.

ఇంటికి వచ్చేటప్పుడు అడిగాను. మామ మెల్లగా నవ్వారు. "సేటు వాణ్ణి పిలుస్తడు. వీడు పోతడు. కింది గల్లీకి జర ఎక్కువ తిప్పాలె అని ఎడమది మూసి కుడిది తిప్పుతడు. తిప్పనీ. ఆ నీళ్లు మిట్ట గల్లీకే ఎక్కుతయి."

"పిలగాడు మంచోడైతే ఎట్ల మామా?"

"మంచోడని నీకెవరు చెప్పిండ్రు?"

గ్లాసులు కడిగిన సంగతి నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆ తప్పు నాది కూడా.

పార్కులో అడుగుపెట్టంగానే అందరి మణికట్టుకు రంగు పట్టీ కట్టారు. "దవఖానల గిట్లనే కడతరు, ఆపరేషన్‌కు ముందు" అన్నారు మామ. గది తలుపుకు తాళంచెవి లేదు, అట్ట ముక్క లాంటి కార్డు ఇచ్చారు. దాన్ని గోడలో పెడితే లైట్లు వెలిగాయి, తీస్తే ఆరిపోయాయి. మామ నాలుగుసార్లు పెట్టి తీసి, "మనం లోపట ఉన్నది లేనిది వాళ్లకు తెలుస్తుంది" అని అత్తకు చెప్పారు.

"తెలిస్తే తెలువనీ. మనం ఏం దొంగతనం చేస్తున్నం?" అన్నది అత్త, మెత్తటి పరుపు మీద అరచేత్తో ఒత్తి చూసుకుంటూ.

మధ్యాహ్నం అందరం అలల కొలనుకు పోయాం. పెద్ద సిమెంటు చెరువు, గంట కొట్టంగానే సముద్రంలాగా అలలు లేస్తాయి. రశ్మి, ప్రేమ్‌రాజ్ అందులోనే. అత్త చీర కొంగు నడుముకు చెక్కి మోకాళ్ల లోతు దాకా దిగి, అల తగిలినప్పుడల్లా చిన్నపిల్లలాగా నవ్వింది. మామ గట్టు మీద కూర్చొని సూర్యుడిని చూస్తున్నారు. అక్కడ అజాన్ వినపడదు. ఒంటిగంట దాటిందని నేను చెప్పగానే ఆయన కుడి చెయ్యి మోకాలి మీద తిరగడం మొదలుపెట్టింది. తిరిగి తిరిగి ఆగింది. నేను లెక్కపెట్టాను. ఇరవై రెండు.

పొద్దు వాలినంక శ్రవణ్‌కు ఫోన్ చేశారు. మామ ఫోన్‌ను చెవికి పెట్టుకోరు, ముందుకు పట్టుకొని గట్టిగా మాట్లాడతారు. కనుక మాకందరికీ వినబడింది.

"వదిలినవా?"

"వదిలిన కాకా. మీరు చెప్పినట్లే. ఒక్క చుట్టు అటిటు కాలే."

"సేటు పిలిచిండా?"

"చాయ్‌కి పిలిచిండు. డ్యూటీల ఉన్న అని పోలేదు."

"మిట్ట గల్లోళ్లు?"

"రాలేదని మస్తు లొల్లి చేసిండ్రు. మీరు ముందే చెప్పిండ్రు గదా, నేను విననే లేదు."

మామ ఫోన్ పెట్టేశారు. "అబద్ధం" అన్నారు. వెంటనే రాజమణికి చేశారు.

"ఏడ వచ్చినయన్నా, ఒక్క బిందె నిండలే" అన్నది రాజమణి. "అమ్మవి దుప్పట్లు అన్నీ అట్లనే పడ్డయి. కింది గల్లీల అయితే సంపులు నిండి మోరీల పారినయి. సేటమ్మ చూసి దర్వాజ తెరిపిచ్చింది. పోయి ముంచుకుంటున్నం, ఫికర్ చెయ్యకు. నువ్వు తిరిగిరా మంచిగ. రుక్మిణక్కను లాంచీల అంచుకు కూసోవెట్టకు, కండ్లు తిరుగుతయి ఆమెకు."

మామకు నెమ్మదిగా లెక్క తేలింది. శ్రవణ్ సేటు మాట విని ఉంటే మిట్ట గల్లీకి నీళ్లు పోయేవి. పోలేదు. అంటే పిలగాడు సాఫ్ మనిషి. నీళ్లు రాకపోవడమే దానికి సాక్ష్యం.

"ఇప్పుడే చెప్పుండ్రి మామా. ఆదివారం నీళ్లన్న సరిగ్గ వస్తయి" అన్నాను.

"చెప్త. ఆదివారానికి ఇంక టైముంది" అన్నారు. మళ్లీ ఆయనే, "సేటమ్మ దర్వాజ ఎందుకు తెరిచినట్టు?" అన్నారు.

శనివారమంతా ఆయన మాకు దొరకలేదు. జెయింట్ వీల్ ఎక్కనన్నారు. ఎక్కినోళ్లను దించుతరో లేదో అన్నారు. మధ్యాహ్నం నేను వెతుక్కుంటూ పోతే, అలల కొలను వెనక మోటార్ల గదిలో ఉన్నారు. కొలను నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలుసుకోవడానికి పైపు పట్టుకొని నడుచుకుంటూ పోయారట. అక్కడ పని చేసే కైలాసం అనే పాలమూరాయన స్టూలు వేసి కూర్చోబెట్టి, తన టిఫిన్ డబ్బాలోంచి జొన్నరొట్టె సగం విరిచి పెట్టాడు. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిన్నారు.

"అవే నీళ్లు పెద్దాయనా. వడగట్టుడు, మళ్ల పంపుడు. అల లేపేది గాలి" అని చెబుతున్నాడు కైలాసం. గోడ పొడుగునా పన్నెండు వాల్వులున్నాయి. కొన్నిటికి ఎర్ర రంగు, కొన్నిటికి పచ్చ రంగు.

"ఈ రంగులెందుకు?" అని అడిగారు మామ.

"నేను రాని నాడు వేరేటోళ్లు తిప్పాలె గదా. తప్పు తిప్పితే పిల్లలు మునుగుతరు."

మామ లేచి వచ్చేటప్పుడు ఒక ఎర్ర వాల్వు మీద ఒకసారి చెయ్యి పెట్టారు.

ఆదివారం పొద్దున సాగర్ చేరాం. లాంచీ తెల్లగా, రెండంతస్తులుగా ఉంది. అత్త చెప్పులు విడిచి, నీళ్లకు దండం పెట్టి ఎక్కింది. టికెట్లు చూసే ఆయన అందరికీ చెప్పాడు, "ఫోన్లు మాట్లాడుకునేది ఉంటే ఇక్కడనే మాట్లాడుకోండ్రి. కదిలినంక శ్రీశైలం దాక సిగ్నల్ ఉండదు."

మామ నావైపు చూశారు. మల్లన్నా, ఈయన నోరు తెరిపించు అని అనుకున్నాను. ఆయన ఫోన్ తీశారు.

"శ్రవణూ, ఇయ్యాల మార్చి తిప్పు. ఎడమది కింది గల్లీ. కుడిది మిట్ట గల్లీ."



"కాకా, నన్ను పరీక్ష చేస్తున్నరా?"

"లేదు బిడ్డా."

"మీరే ఫోన్ చేసినా మార్చొద్దని మీరే చెప్పిండ్రు. సేటు ఇచ్చిన టికెట్ల మీదనే తిరుగుతున్నరట గదా. మీ పక్కన ఎవరున్నరు?"

"నా కోడలున్నది."

"ఇంకెవరు?"

లాంచీ కూత పెట్టింది. తాళ్లు విప్పుతున్నారు. మామ గొంతు తగ్గించారు, ఆయన గొంతు తగ్గించి మాట్లాడటం అదే మొదటిసారి చూశాను. "నీకు తప్పు చెప్పిన శ్రవణూ. కావాలనే చెప్పిన. నువ్వు సేటుకు అమ్ముడువోతవని. నిన్ను నమ్మలే. మొన్న మిట్ట గల్లీకి నీళ్లు వోనిది నా తోటే. రాజమణి తల్లి..."

అప్పటికే లాంచీ గట్టు విడిచింది. శ్రవణ్ మాట ఒక్కటే వచ్చింది. "అంటే నేను మొన్న మిట్ట మీదికెల్లి వచ్చినోళ్లను తిట్టి పంపించింది..." తర్వాత ఫోన్ మూగబోయింది.

ఆరు గంటల ప్రయాణం. రెండు దిక్కులా నల్లమల. నీళ్లలోకి దిగిన బండల మీద కొంగలు, అక్కడక్కడ చేపలు పట్టేవాళ్ల పుట్టీలు. రశ్మి ప్రతి బండకూ ఒక పేరు పెట్టింది. లాంచీలో పని చేసే మనిషి అత్తకు ఎండ తగులుతుందని చెప్పకుండానే కుర్చీ జరిపి నీడలో వేశాడు. పన్నెండింటికి పప్పు, పులిహోర పెట్టారు. మామ తినలేదు. చల్లారిందన్నారు.

నేను పక్కన కూర్చున్నాను. కింద నీళ్లు చీల్చుకుంటూ పోతున్నాయి.

"ఈ నీళ్లే బిడ్డా" అన్నారు. "ఈడికెళ్లే మన గల్లీకి వస్తయి. గింత దూరం వచ్చినయి ఎన్నడు దారి తప్పలే. ఆఖరికి వచ్చి నా చావీ కాడ తప్పినయి."

"పిలగాడు మారుస్తడు మామా."

"ఎందుకు మారుస్తడు? నేనైతే మార్చకపోదును. మొన్న ఒకటి చెప్పిండు, ఇయ్యాల ఇంకోటి చెప్తున్నడు, రెండిట్ల ఏది అబద్ధం? సేటు తోటి కలిసిండని అనుకుందును."

ఒంటిగంట ఇరవైకి, అక్కడ అజాన్ లేకపోయినా, ఆయన తల ఎత్తారు. చెయ్యి మాత్రం తిరగలేదు. మోకాలి మీద మూసి పెట్టుకున్నారు. నేను కళ్లు మూసుకొని మిట్ట గల్లీలో ఒక్కొక్క ఇంటినీ తలుచుకున్నాను. ఖాజాబీ గుమ్మం, తర్వాత దర్జీ ఇల్లు, చివరికి ఆదివారం చర్చి నుంచి వచ్చి నల్లా కింద బిందె పెట్టి కూర్చున్న రాజమణి. దేవుడిని ఇంత చిన్న కోరిక కోరవచ్చో లేదో తెలియదు. కోరాను.

మూడున్నరకు శ్రీశైలం రేవు కనబడింది. దిగకముందే మామ ఫోన్ మోగింది. రాజమణి.

"అన్నా, వచ్చినయి. డ్రమ్ములు, బకెట్లు, అన్నీ నిండినయి."

మామ కండ్లు తుడుచుకున్నారు. గాలికి అని అందరికీ చెప్పారు. "పోరగాడు మార్చిండా?"

"ఏం మార్చుడో ఏమో. చర్చికెళ్లి వచ్చేసరికి వాడు మా ఇంటి నల్లా కాడ నిలబడి ఉన్నడు. ఒక దాన్ని జరంత తిప్పుతడట, ఉరికొచ్చి మా నల్లా చూస్తడట. రాలేదట. మళ్ల పోయి ఇంకోదాన్ని తిప్పి వచ్చిండట. బొటబొట పడంగనే కూసొని నవ్విండన్నా. మొన్న తిట్టినందుకు నాకు చేతులు జోడించిండు. అమ్మవి రెండు దుప్పట్లు గూడ పిండిచ్చి పోయిండు."

ఆ సాయంత్రం, మర్నాడు సోమవారం పొద్దున, మల్లన్న దర్శనం బాగా అయింది. మామ వరసలో ముందువాణ్ణి గానీ వెనకవాణ్ణి గానీ అనుమానించలేదు. పూజారి తీర్థం పోస్తే మాత్రం, తాగిన తర్వాత, "నల్లా నీళ్లా?" అని నా చెవిలో అడిగారు.

మంగళవారం పొద్దున మామ సేటు దుకాణానికి పోయారు. ప్రసాదం ఇవ్వడానికి నేనూ వెంట పోయాను. ప్రసాదం కళ్లకు అద్దుకొని సేటు కూర్చోమన్నారు. మామ నిలబడే అడిగారు.

"సేటూ, ఒక్క మాట. ఆ టికెట్లు నాకెందుకు ఇచ్చినవ్?"

సేటు గిన్నె తుడుస్తూ తుడుస్తూ ఆగారు. "ఊరంత నాకు కొసరి ఇచ్చేటోళ్లే. తక్కువ ఇచ్చేటోడివి నువ్వొక్కనివే ఉన్నవ్. నీకు గాక ఎవరికిస్త?"

లోపలి నుంచి సేటమ్మ విమలాదేవి నవ్వు వినబడింది. దారి పొడుగునా మామ ఆ మాటనే తిప్పి తిప్పి చూశారు. "తిట్టిండా, మెచ్చుకున్నడా?" అని అడిగారు. నాకూ తెలియలేదు.

పదకొండింటికి ఆయన హార్డ్‌వేర్ షాపులో చిన్న ఎర్ర రంగు డబ్బా, ఒక కుంచె కొనుక్కొచ్చారు. కూడలిలో మూత లేపి, లోపలికి వంగి, ముప్పై ఒక్క ఏండ్లు బయటివాళ్లెవరికీ చెప్పకుండా దాచుకున్న కుడి వాల్వుకు రంగు పూశారు. నడుము పట్టేస్తే ఖాజాబీ కొడుకు చెయ్యిచ్చి లేపాడు.

మసీదు మైకు గరగరమనగానే శ్రవణ్ వచ్చాడు. మామ అతని ముఖం చూడలేకపోయారు. చావీ అతని చేతికే ఇచ్చారు.

"ఎర్రది మిట్ట గల్లీ. ఇరవై రెండు చుట్లు" అన్నారు.

శ్రవణ్ లోపలికి తొంగి చూశాడు. "రంగు ఎవరేసిండ్రు కాకా?"

"నేనే."

అతను చావీ దించి రెండే రెండు చుట్లు తిప్పాడు. తర్వాత చావీని మామ చేతికి మెల్లగా ఇచ్చి, "జర పట్టుకోండ్రి. రాజమణక్క నల్లా ఒక్కసారి చూసొస్త" అన్నాడు.

మిట్ట ఎక్కిపోతున్న అతన్ని చూస్తూ మామ ఎండలో నిలబడ్డారు. నేను ఆయన తల మీద నా కొంగు పట్టాను.

"పనిమంతుడే" అన్నారు చివరికి. "కానీ గింత సేపు ఏం చూస్తున్నడు పైన?"